రాతి ఇల్లు, మట్టి గొట్టాలు

ఆ ఇంట్లో దిగి గంట కాలేదు. సామానింకా కారులోనే ఉంది, కుక్కరు నా చంకలో ఉంది. ఇంటావిడ వాకిట్లో మీటరున్నర దూరాన నిలబడి, మాస్కు వెనక నుంచే, తన ముత్తాత ఎంత గొప్పవాడో చెప్పడం మొదలుపెట్టింది. పందొమ్మిదో శతాబ్దంలో ఈ కొండవాలునంతా బాగుచేసింది ఆయనేనట. ఆయన రాకముందు ఇక్కడంతా చిత్తడి నేల, ఆవులు పొట్టదాకా బురదలో దిగబడేవట, జనం దుంపలు తిని బతికేవారట. ఆయన ఎక్కడో వ్యవసాయ పాఠశాలలో చదివొచ్చి, నేలలోని నీళ్లు లాగేసి, సున్నం చల్లించి, క్లోవర్ గడ్డి వేయించి, ఆవులను కొట్టంలో కట్టి మేపడం నేర్పించి, చివరికి ఈ రాతి ఇల్లు కట్టాడట. గుమ్మం పైరాతి మీద ఆయన పేరులోని మొదటి అక్షరాలు చెక్కి ఉన్నాయి, చూడమంది. నేను నాకొచ్చిన జర్మన్‌లో "యా, యా" అంటూ కుక్కరు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాను. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనే జాతి మా గోదావరి జిల్లాల్లోనే ఉందనుకున్నాను అప్పటిదాకా. ఇక్కడా ఒక శాఖ తెరిచారన్నమాట.

ఇంతకీ మేం అక్కడికి ఎందుకు పోయామంటే, మా ఆయన తెలివి వల్ల. కరోనా మొదటి ఏడాది వేసవి అది. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. ఆఫీసుకు ఇప్పట్లో రానక్కర్లేదన్నారు. అదే నెలలో గార్చింగ్‌లో మా ఫ్లాటు ఓనరు, కూతురు వస్తోంది, ఖాళీ చేయండన్నాడు. ఇల్లు చూపించడానికి కూడా ఎవరూ తలుపు తీయని రోజులు. మా ఆయన మాత్రం పండగొచ్చినట్టు సంబరపడ్డాడు.

"ఇంట్ల కూసొనే పని జేసుడైతే ఈ అగ్గిపెట్టెల ఉండుడెందుకే?" అన్నాడు. "డెగ్గెన్‌డార్ఫ్ దిక్కు పాత రాతి ఇల్లు ఒకటి చూసిన. పైన మొత్తం మనకే. మీటె, అదే కిరాయి, గూడ ఇక్కడి దాంట్ల సగం."

ఆయన హైదరాబాద్‌లో మూడో అంతస్తులో పుట్టి పెరిగినవాడు. ఆయన లెక్కలో భూమి అంటే గజాలు. ఆవును దగ్గరగా చూసింది గృహప్రవేశాల్లోనే. వెళ్లిన వారానికే, వాకిట్లోని పాత రాతి తొట్టి పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఫొటో తీయించుకుని, వాట్సాప్ గ్రూపులో "మా ఫామ్‌హౌస్" అని పెట్టాడు. గార్చింగ్ తెలుగు జనమంతా లవ్ గుర్తులు కురిపించారు.

నేను రైతు కూతుర్ని. గోదావరి డెల్టాలో, కాలువ చిట్టచివర, శివారు భూములు మావి. వ్యవసాయం మీద నాకు ప్రేమ లేదు, దగ్గర్నుంచి చూసినవాళ్లకు ఉండదు. గౌరవం మాత్రం ఉండేది. ఆ గౌరవం కూడా మా వాళ్ల వ్యవసాయం మీదే తప్ప ఇంకొకళ్ల దాని మీద కాదని అప్పటికి నాకు తెలియదు.

ఇల్లంటారా, మూరన్నర మందం గోడలు. నల్లచుక్కల బూడిదరంగు గ్రానైటు. వైఫై ఆ గోడను దాటదు, ఎండ దాటదు, మనిషి గొంతు దాటదు, చలి మాత్రం నిక్షేపంగా దాటుతుంది. ఒకే కప్పు కింద ఈ కొసన మనుషులు, ఆ కొసన ఆవుల కొట్టం. ఆవులు పోయి ఎన్నేళ్లయిందో, వాసన మాత్రం అద్దె కట్టకుండా ఉండిపోయింది. కింద నేలలోకి దిగితే కెల్లర్ అనే చీకటి గది, అందులో బంగాళదుంపలు, ఆపిల్ రసం సీసాలు, ఊరగాయ జాడీలు. ఇంటావిడ కింద ఉంటుంది, పైన మేం. మా గదులు ఒకప్పుడు పనివాళ్లు పడుకున్నవట. అది కూడా ఏదో వరం ఇచ్చినట్టు చెప్పింది.

ఆవిడ అరవైకి దగ్గర్లో ఉండేది. పెళ్లి చేసుకోలేదు. డెగ్గెన్‌డార్ఫ్‌లో ఒక బడిలో భూగోళం చెప్పి, ముందే పదవీ విరమణ చేసింది. మేం టీచరమ్మ అనేవాళ్లం. బడి మానేసినా పాఠం మానలేదు. నేను చెత్తబుట్ట తీసుకుని కిందకి దిగితే చాలు, క్లోవర్ గడ్డి నేలకు చేసే మేలు మీద పది నిమిషాలు. ఉత్తరాల డబ్బా తెరిస్తే పేడనీళ్లు నిలవచేసిన రాతి గుంట మీద పావుగంట. లాక్‌డౌన్ పుణ్యమా అని ఆవిడకి దొరికిన క్లాసులో ఇద్దరమే విద్యార్థులం. అందులో ఒకడు నోరు తెరుచుకుని వినేవాడు, నోట్సు రాసుకోవడం ఒక్కటే తక్కువ.

అయితే ఆవిడ అంతగా వాగడానికి కారణం ఉంది. అది మొదటి వారంలోనే చెప్పింది. ఇల్లు ఆవిడకీ తమ్ముడికీ ఉమ్మడిది. తమ్ముడు రేగెన్స్‌బర్గ్‌లో ఉంటాడు, అమ్మేద్దామంటాడు. పక్క పొలం ఆసామి మొక్కజొన్న వేస్తాడు, ఇల్లు పడగొట్టి అక్కడ యంత్రాల షెడ్డు వేసుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు. చివరికి అక్కాతమ్ముళ్లు ఒక ఒప్పందానికి వచ్చారు. పాత కట్టడాలు చూసే ఇంజినీరు వచ్చి ఇల్లు పరీక్షిస్తాడు. పునాది గట్టిగా, పొడిగా ఉందని రాస్తే, ఆవిడ బతికినన్నాళ్లూ ఇల్లు ఆవిడది. లేదంటే అమ్మకం. కరోనా వల్ల ఆ ఇంజినీరు వచ్చే తేదీ, టెర్మిన్, అప్పటికే ఒకసారి వాయిదా పడింది.

"అమ్మేస్తే మీరెక్కడికి పోతారు?" అని అడిగాడు మా ఆయన.

"డెగ్గెన్‌డార్ఫ్‌లో ఒక గది ఫ్లాటు చూసి పెట్టాడు తమ్ముడు," అంది. అని గోడ మీద చెయ్యేసి, "కానీ ఈ ఇల్లు పొడిగా ఉంటుంది. ఎప్పుడూ పొడిగానే ఉంది," అంది.

పైకొచ్చాక నేను నవ్వాను. రాళ్లు పట్టుకుని ఏడవడం ఏమిటి, ఫ్లాటుకు పోయి హాయిగా హీటరు వేసుకోక, అన్నాను. మా ఆయన నవ్వలేదు.

"మీ ఊళ్ల ఆనకట్ట గట్టిన దొర బొమ్మకు దండలెయ్యరా? ఆమె ఆమె తాతకు ఏస్తున్నది. ఇందుల తప్పేమున్నది?"

"ఆయన నీళ్లు తెచ్చాడు బాబూ. ఈయన ఉన్న నీళ్లు తోలేశాడు. తేడా లేదా?"

నిజంగానే అది నా వాదన. నీళ్లు తేవడం గొప్ప, నీళ్లు తీసేయడం ఏం గొప్ప? బురదను చూసి భయపడి గొట్టాలు వేసుకున్నవాడు రైతేమిటి? మా వాళ్లు మోకాటి లోతు బురదలోనే కదా ఊళ్లకు ఊళ్లకే అన్నం పెట్టింది.

ఆ చలికాలంలో ఒకరోజు టీచరమ్మ నన్ను కెల్లర్‌లోకి పిలిచి, కిటికీ అరుగు మీద పెట్టుకున్న మట్టి గొట్టం ముక్క చేతికిచ్చింది. మూరెడు లేదు. ఎర్రగా కాల్చింది, లోపల నాలుగు వేళ్లు పడతాయి. ఇలాంటివి వందలకొద్దీ ఒకదాని కొసకి ఒకటి ఆనించి, పునాది చుట్టూ, వాకిలి కింద, తోట కింద, కిందున్న వాగు దాకా వేశారట. "ఈ ఇల్లు రాళ్ల మీద నిలబడలేదు, ఈ గొట్టాల మీద నిలబడింది," అంది. నా ఎడమ చెవిలో ఇయర్‌ఫోను ఉంది, ఆఫీసు మీటింగు నడుస్తోంది. సగం విన్నాను.

"తవ్వింది ఆయనేనా?" అని మాత్రం అడిగాను.

"పనివాళ్లు. రెండు చలికాలాలు తవ్వారు."

"వాళ్ల పేర్లేమిటి?"

ఆవిడకి తెలియదు. ఇబ్బందిగా గొట్టం వెనక్కి తీసుకుంది. నాకు మహా సంతోషం కలిగింది. ఆ తవ్వినవాళ్లు పడుకున్న గదికే కదా మేం మీటె కట్టేది, వాళ్ల తరఫున ఒక్క దెబ్బ వేశాననుకున్నాను. ఆ సంతోషంలో ఆవిడ చెప్పిన దారి, పునాది నుంచి వాకిలి, వాకిలి నుంచి తోట, తోట నుంచి వాగు, అది నా బుర్రలోకి ఎక్కలేదు.

రెండో ఏడాది వసంతంలో మన జనానికి విత్తనాల పిచ్చి పట్టింది. గార్చింగ్‌లో బాల్కనీల్లో గోంగూర, ఫ్రైబర్గ్‌లో హాస్టలు కిటికీలో పుదీనా, అందరి ఫొటోలూ గ్రూపులోనే. మా ఆయన టీచరమ్మను అడిగి తోటలో ఒక చెక్క నేల సంపాదించాడు. వాకిలికి దిగువన, మోకాలెత్తు పల్లంలో ఉంటుంది. ఆయన తవ్వింది రెండు రోజులు, నడుం పట్టుకున్నది పది రోజులు. మిగతా అంతా నేనే. గోంగూర, తోటకూర, మెంతికూర చల్లాను. వానలు లేవు. మొలకలు పైకొచ్చి వాడిపోతున్నాయి. కుళాయి నీళ్లు పట్టడం మొదలుపెడితే టీచరమ్మ తలుపులోంచి చూసి, నీళ్ల మీటరు వైపు కూడా ఒకసారి చూసింది. ఆ చూపుతో నాకు ఒళ్లు మండింది.

తోట మూలన నేలలో ఒక రాతి పలక ఉంది. ఎత్తి చూస్తే చదరపు గుంట. ఇంటి వైపు నుంచి ఒక గొట్టం నోట్లోంచి నీళ్లు వస్తున్నాయి, వాగు వైపు ఇంకో గొట్టంలోంచి పోతున్నాయి. తేటగా, చల్లగా, గలగలా. నేను అక్కడే గొంతుక్కూర్చున్నాను. నా మొలకలు జానెడు దూరంలో చస్తుంటే, ఈ నీళ్లన్నీ వాగులో పోసేస్తున్నారు. శివారు రైతుకి ఆ దృశ్యం ఎలా ఉంటుందో కాలువ మొదట్లో ఉన్నవాడికి తెలియదు. రెండో పంట దాళ్వాలో మా నాన్న తన వంతు కోసం, నీళ్లు వదిలే లస్కరును బతిమాలుకుంటూ లాకుల దగ్గర పడిగాపులు పడేవాడు. పైవాళ్లు తూములు పెద్దవి చేసుకుంటే మా బోదెలో కప్పలకు కూడా తడి ఉండేది కాదు. అలాంటి ఇంట్లో పుట్టినదాన్ని, కళ్ల ముందు నీళ్లు వృథాగా పోతుంటే చూస్తూ కూర్చోమంటే ఎలా? ఉద్ధారకుడట, ఉద్ధారకుడు. ఉన్న నీళ్లు నిలబెట్టుకోవడం చేతకాని సన్నాసి.

ఎండుగడ్డి చుట్టగా పేని, పాత గోనెగుడ్డ చుట్టి, వాగు వైపు గొట్టం నోట్లో దిగ్గొట్టాను. దాని మీద బంకమన్ను ముద్దలు ముద్దలుగా వేసి మడమతో తొక్కాను. మా ఊళ్లో తూము మూసే పద్ధతి అదే, పదేళ్ల పిల్లకి కూడా వచ్చు. గంటలో గుంట నిండింది. అంచు మీంచి పొంగిన నీళ్లను పారతో చిన్న బోదెలు తీసి మడుల్లోకి మళ్లించాను. ఆ రోజు నాకు కలిగిన గర్వం ఉద్యోగంలో ఎన్నడూ కలగలేదు.

మా నాన్నకి వీడియో కాల్ చేసి చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"బాగానే కట్టావు అమ్మాయ్. ఇంతకీ అది పంట కాలవా, మురుక్కాలవా?"

"ఏదైతే ఏంటి నాన్నా, నీళ్లు తేటగా ఉన్నాయి కదా."

"అలా కాదమ్మా. మురుగుకి అడ్డమేస్తే పైనోడు మునుగుతాడు. పైన ఎవరున్నారో చూసుకున్నావా?"

"పైన ఇల్లుంది. మెరక మీదుంది. నీళ్లు మెరకెక్కుతాయా ఏంటి?"

ఆయన నవ్వాడు. మా ఇళ్లన్నీ మట్టి పోసి ఎత్తు చేసిన మెరకల మీదే ఉంటాయి. నేల కింద గది తవ్వుకుని అందులో దుంపలు దాచుకునే బుద్ధి మా డెల్టాలో ఏ తరంలోనూ ఎవరికీ పుట్టలేదు. తవ్వితే బావే అవుతుంది. అందుకని ఇల్లంటే గుమ్మం దగ్గర మొదలై పైకి పోయేదే మా లెక్కలో. గుమ్మం కింద ఇంకో ఇల్లు ఉంటుందని, అది నా మడుల కంటే పల్లంలో ఉందని, మెట్లు దిగి ఎన్నిసార్లు దుంపలు తెచ్చుకున్నా నాకు తట్టలేదు.

వారం పది రోజులకి తోటకూర నవనవలాడుతూ లేచింది. టీచరమ్మ వచ్చి మడుల గట్టున నిలబడింది. గుంటనీ, నేను తీసిన బోదెల్నీ, నిలిచిన నీళ్లనీ చూసింది.

"ఇది ఇంటికి ఏమీ కాదు కదా?" అని అడిగింది.

"నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అని మా సామెత," అని జర్మన్‌లోకి మార్చి చెప్పాను. "ఇల్లు పైనుంది, తోట కిందుంది. మాది కాలువల దేశం. నీళ్ల సంగతి మీరు మాకు చెప్పక్కర్లేదు."

చివరి మాట అంత కటువుగా అనాల్సింది కాదు. కానీ ఏడాదిగా క్లోవర్ గడ్డి మీద పాఠాలు విన్న మనిషిని, నాకూ ఒక రోజు రావాలి కదా. ఆవిడ తలూపి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం నేను తోటకూర పప్పు చేసి, ఒక గిన్నెడు కింద గుమ్మం ముందు పెట్టాను. విజేతకు ఉండే ఔదార్యం.

జూన్ చివర్లో వానలు పట్టుకున్నాయి. జూలైలో వదల్లేదు. టీవీలో ఊళ్లు మునిగిన బొమ్మలే. ఒక ఉదయం కింద నుంచి బకెట్ల చప్పుడు విని మా ఆయన దిగాడు. కెల్లర్‌లో చీలమండల దాకా నీళ్లు. బంగాళదుంపలు తేలుతున్నాయి. టీచరమ్మ ప్యాంటు మడిచి, బకెట్టుతో తోడుతోంది. మా ఆయన మాస్కు పెట్టుకుని తోడటంలో సాయం చేశాడు. నేను మెట్ల మీద నిలబడి వ్యాఖ్యానం చేశాను.

"ఇంతేనా మీ ముత్తాత పనితనం? నాలుగు చినుకులకే?"

"ఎన్నడూ ఇలా రాలేదు," అంది ఆవిడ. ఆ మాట ఆ నెలలో ఒక వంద సార్లు అని ఉంటుంది. నాకు ఎప్పుడూ ఒకలాగే వినిపించింది. ముత్తాత మీద ఈగ వాలితే ఒప్పుకోదు, అంతే, అనుకున్నాను.

ఆవిడ చేయని పని లేదు. కప్పు మీద వాననీటి గొట్టాలు శుభ్రం చేయించింది. నిచ్చెన వేసుకుని తానే పెంకులు చూసింది. గోడల మొదట్లో తెల్లటి ఉప్పు పూత లేచింది, దాన్ని పళ్లు తోమే బ్రష్షులాంటి దానితో మోకాళ్ల మీద కూర్చుని గీకేది. ఇంజినీరు ఆగస్టు చివర్లో వస్తాడని కాగితం వచ్చింది. ఆ కాగితం వంటింటి కిటికీకి అంటించి పెట్టుకుంది. పరీక్షకి ఒక్కతే చదువుకుంటున్న పిల్లలా తయారైంది. నేను పైనుంచి చూసి, పాపం అనుకోవడానికి బదులు, ఇంత రాద్ధాంతమా, అనుకున్నాను. ఈ లోపల నా తోటకూర మూడో కోతకు వచ్చింది.

ఇంజినీరు వచ్చిన రోజు తమ్ముడు కూడా వచ్చాడు. నలగని చొక్కా, గడప తగలకుండా నడక. మా గదులు కూడా చూడాలన్నారు కాబట్టి మేమిద్దరం వాళ్ల వెంటే తిరిగాం. ఇంజినీరు తడి గోడకు ఆనిస్తే కూతపెట్టే పనిముట్టు ఒకటి తెచ్చాడు. పైన కూత లేదు. కింది అంతస్తులో నడుము దాకా ఒకటే కూత. కెల్లర్‌లో అయితే ఆపే పనే లేదు. తమ్ముడు కూత వినపడ్డ ప్రతిసారీ అక్క వంక చూశాడు. ఆవిడ గోడ వంక చూసింది.

తర్వాత ఇంజినీరు కెల్లర్ కిటికీ తెరిచి, సుద్దముక్కతో గోడ మీద ఒక గీత గీశాడు. "బయట తోట నేల ఇక్కడిదాకా వస్తుంది," అన్నాడు. ఆ గీత నా నడుము ఎత్తున ఉంది. నేను నిలబడ్డ నేల నా మడుల కంటే నడుము లోతు కింద ఉంది. నీళ్ల సంగతి తెలిసిన దాన్ని, గోదావరి నీళ్లు తాగిన దాన్ని, నాకు అప్పుడు తెలిసింది. నేను నిలబెట్టిన నీళ్లకి ఈ కెల్లరే పల్లం.

"నేల కింది పాత గొట్టాలను ఈ మధ్య ఎవరైనా కదిపారా?" అని అడిగాడు ఇంజినీరు, ఎవర్నీ ప్రత్యేకంగా కాకుండా.

టీచరమ్మ నా వైపు చూసింది. నేను మాస్కు ముక్కు మీదకి లాక్కున్నాను. తేలు కుట్టిన దొంగకి ఆ ఏడాదిలో అంత వాటమైన వస్తువు ఇంకోటి లేదు. ఆవిడ రెండు క్షణాలు చూసి, "లేదు," అని చెప్పింది.

మర్నాడు పొద్దున్నే వెళ్లి ఆ మట్టి ముద్ద పెకలించాను. మడుల్లో నీళ్లు బుడబుడమని వాగులోకి పోయాయి. సంబరపడేంతలోనే ఆగిపోయాయి. ఇంటి వైపు గొట్టంలోంచి సన్నగా బురదధార. మూడు నెలలు నిలిచిన నీళ్లలో ఒండ్రు దిగి, ఎగువ గొట్టాలు పూడిపోయాయి. ఎక్కడ పూడిందో చెప్పి తవ్విస్తే తప్ప కెల్లర్ ఆరదు. చెప్పాలంటే, ఎందుకు పూడిందో కూడా చెప్పాలి.

"చెప్పకు," అన్నాడు మా ఆయన. అదే నోరు తెరుచుకుని పాఠాలు విన్న విద్యార్థి. "చెప్తె మనల్ని ఎల్లగొడ్తరు. తమ్ముడైతే కేసేస్తడు. ఈ కరోనాల మళ్ల ఇల్లెవడిస్తడు మనకు? ఎట్లైన పాత ఇల్లే గద, ఎప్పటికైనా గింతే అయ్యేది."

ఆయన పిరికితనాన్ని నేను ఛీ కొట్టాను. ఛీ కొట్టి, చెప్పకుండా ఊరుకున్నాను. మొదటి వారం పనెక్కువుందని. రెండో వారం జర్మన్‌లో సరైన మాటలు కుదరలేదని. మూడో వారానికి నివేదిక వచ్చేసింది, ఇంక చెప్పి ఏం లాభమని. నాకు ప్రతి వారానికీ ఒక సాకు దొరికింది. పనివాళ్ల పేర్లు తెలియవా అని ఆవిణ్ణి నిలదీసిన నోరు ఇదే. ఎదుటివాళ్ల ముత్తాతల తప్పులు పట్టడానికి నాకు కావలసినంత ధైర్యం ఉంది.

నివేదికలో ఇల్లు తడిగా ఉంది, పునాది నమ్మదగ్గది కాదు అని రాశాడు. అక్టోబరులో మాకు ఒక ఉత్తరం వచ్చింది. ఇల్లు పక్క పొలం ఆసామికి అమ్మినట్టు. మేం ఇంకో రెండేళ్లు అదే మీటెకు ఉండొచ్చు, అప్పటిదాకా ఇల్లు పడగొట్టకూడదు అని పత్రంలో రాయించారట. అది అమ్మినవాళ్లలో ఒకరు పెట్టిన షరతు అని కూడా ఉంది. ఆ ఒకరు ఎవరో అడగనక్కర్లేదు. తమ్ముడికి మా పేరు పలకడం కూడా రాదు.

మా ఆయన ఉత్తరం రెండుసార్లు చదివి కుర్చీలో వెనక్కి వాలాడు. "అమ్మయ్య. మనకైతె ఏం గాలె," అన్నాడు.

నేను కిందకి దిగాను. దిగేటప్పుడు కూడా మనసులో ఒక మూల, ఈవిడకి ఎవరు పెట్టమన్నారు షరతు, మేమేమైనా బిచ్చమడిగామా, అన్న రోషం ఉంది. సిగ్గుని మోయడం కంటే రోషాన్ని మోయడం తేలిక. టీచరమ్మ వంటింట్లో ఊరగాయ జాడీలకు పాత పేపర్లు చుట్టి చెక్కపెట్టెలో సర్దుతోంది. మాస్కు లేదు. ఏడాదిన్నరలో ఆవిడ ముఖం మొత్తంగా అంత దగ్గర్నుంచి చూడటం అదే మొదలు. నేననుకున్న దానికంటే ముసలి మనిషి.

చెప్పాను. గడ్డి చుట్ట, గోనెగుడ్డ, బంకమన్ను, మూడు నెలలు. పూడింది బహుశా వాకిలి కిందే, ఒక్క పూట తవ్విస్తే సరిపోయేది అని కూడా చెప్పాను. కావాలంటే ఇప్పుడైనా ఇంజినీరుకి నేనే ఉత్తరం రాస్తానన్నాను. ఆవిడ జాడీ కింద పెట్టలేదు, అలాగే పట్టుకుని విన్నది.

"సోమవారం సంతకం పెట్టేశాను," అంది.

"మీరు నన్ను తిట్టండి," అన్నాను. నిజంగా తిట్టాలని ఉంది. తిడితే ఇద్దరం సమానమయ్యేవాళ్లం.

"ఆ మట్టి ముద్ద నేను మే నెలలోనే చూశాను," అంది. "ఇంటికి ఏమీ కాదని మీరన్నారు. తర్వాత నీళ్లొచ్చినప్పుడు నాకు అనుమానం వచ్చింది. ఇంజినీరు అడిగినప్పుడు మీ వైపు చూశాను. మీరేమీ అనలేదు. నేను పుస్తకాల్లో చదివినదాన్ని, మీరు నీళ్లలో పుట్టినవాళ్లు. అదే కారణమైతే మీరు చెప్పేవారు కదా, అనుకున్నాను."

జాడీని పెట్టెలో పెట్టి, మూత వేసింది. పెట్టె బరువుగా ఉంది, అవతలి కొస పట్టుకుంటారా అని అడిగింది. పట్టుకున్నాను. ఇద్దరం దాన్ని గుమ్మం దాటించి, ఆవిడ కారులో పెట్టాం.